నలుచదరపు పెంటికలు

పొద్దున్నే మామయ్య ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చారు.

"ఇది విన్నావా అమ్మాయ్? వాంబాట్ అని ఒక జంతువుందట. దాని పెంటికలు పాచికల్లా నలుచదరంగా ఉంటాయట!"

"ఛ, నిజమా మామయ్యా!" అని నోరు వెళ్లబెట్టాను.

ఆ సంగతి నెట్‌లో వెతికి పట్టుకుని, మారుపేరుతో నడిపే నా వింతల పేజీలో పెట్టింది నేనే. ఉద్యోగం మానేసి పెంటికల గురించి రాస్తున్నానని అత్తారింట్లో ఏ మొహంతో చెప్పను? ఆఫీసు పనే ఇంటి నుంచి చేస్తున్నానని నమ్మించాను.

మామయ్య అప్పటికే దాన్ని వియ్యంకుడికీ, పళ్ల డాక్టరుకీ, గ్యాస్ బండ తెచ్చే అతనికీ పంపేశారు. ఆ పేజీలో ఏది కనబడినా అంతే, ఊరంతా టముకు వేసేస్తారు.

"పొద్దస్తమానం ఆ కంప్యూటరుకి అతుక్కుపోతావు. ఇలాంటివి నాలుగు చదివితే కాస్త లోకజ్ఞానం వస్తుంది కదమ్మా!"

"అలాగే మామయ్యా." నవ్వు ఆపుకోలేక పొయ్యి వైపు తిరిగాను.

ఆయన కాఫీ గ్లాసు అందుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగారు. వెనక్కి చూసి గొంతు తగ్గించారు.

"నత్త నిద్ర గురించి పోయిన నెలే రాశావు, మొన్న మళ్లీ పెట్టావు. కాస్త చూసుకుని రాయమ్మా. పళ్ల డాక్టరు దగ్గర నా పరువు పోయింది."