ఒక్క కుర్చీ, వందమంది బాబులు

"నవ్వొస్తోందా? మన ముత్తాతల్ని వెక్కిరిస్తుంటే నవ్వొస్తోందా మీకు?"

కేశవరావు గారు బల్ల మీద ఒక్క చరుపు చరిచేసరికి కెనడాలోని మిల్టన్ కమ్యూనిటీ హాలు గప్‌చుప్ అయిపోయింది. తెర మీద బ్రిటిష్ కాలం నాటి కార్టూన్. పంచెల మీద కోట్లు తొడుక్కున్న బక్కమనుషులు ఒకే ఒక్క గుమాస్తా కుర్చీ కోసం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. పక్కనే దొర చుట్ట కాలుస్తూ నవ్వుతున్నాడు. కింద ఇంగ్లీషులో 'ఒక్క కుర్చీ, వందమంది బాబులు' అని రాసి ఉంది.

లాప్‌టాప్ దగ్గర కూర్చుని స్లైడ్లు మారుస్తున్న కావ్యశ్రీకి మాత్రం నవ్వు రాలేదు. ఆ పిల్ల కాలేజీలో చేరి ఆర్నెల్లయినా కాలేదు.

"బొమ్మ గీశాడే గానీ, వాళ్లలో ఒక్కడి మొహమైనా సరిగ్గా చూశాడా దొర? గుంపును చూశాడంతే!" అన్నారు కేశవరావు గారు. ఇంజనీరుగా రిటైరైనా గొంతు మాత్రం రిటైరవలేదు. చప్పట్లు మోగాయి.

రెండో వరసలోంచి రాజగోపాల్ గారు లేచారు. "అదంతా పాత చింతకాయ పచ్చడండీ. ఈ రోజుల్లో మనల్నెవరు అలా చూస్తున్నారు?"

కావ్యశ్రీ ఫోన్లో ఓ ఫొటో ఉంది. ఇండియాలో ఉన్న అమ్మకు కూడా చూపించలేదు. చూపించాలా, వద్దా అని తేల్చుకునేలోపే వేళ్లు కదిలాయి. ఫొటో తెర మీదికి వచ్చేసింది.

ఓ కాఫీ షాపు ముందు, మంచులో, చాంతాడంత క్యూ. అందరూ మన పిల్లలే. చేతుల్లో రెజ్యూమెలు. కింద ఇంగ్లీషులో, 'ఒక్క కాఫీ ఉద్యోగానికి ఇండియా మొత్తం దిగింది.'

"సారీ అంకుల్, అడగకుండా పెట్టిన. ఇది ఎక్కడెక్కడో తిరిగి పోయిన వారం నా ఫోన్‌కే ఫార్వర్డ్ అయింది. ఆ ఎర్ర జాకెట్ నేనే. ముక్కు తుడుచుకుంటున్న కదా, అది చూసి అందరూ నవ్వే బొమ్మలు పెట్టిన్రు." అంది కావ్యశ్రీ.

హాలు భగ్గుమంది.

"ఎవడో తెల్లోడి పనే!"

"పోలీస్ కంప్లైంట్ ఇద్దాం!"

రాజగోపాల్ గారైతే "నాదే పొరపాటమ్మా" అంటూ చతికిలబడ్డారు. మళ్లీ అంతలోనే లేచి, "మీరు చెప్పండి కేశవరావు గారూ, ఈ ఫొటో తీసినవాణ్ణి ఏం చేద్దాం?" అన్నారు.

కేశవరావు గారు మంచినీళ్లు తాగారు. తెర వైపు చూసి, ఇంకాసిని తాగారు. తన కోసం పెద్దాయన ఎంత నొచ్చుకున్నారో అనుకుంది కావ్యశ్రీ. కన్నవాళ్లు పక్కనున్నట్టే అనిపించి కళ్లు చెమర్చాయి.

"భోజనాలు చల్లారిపోతున్నాయి, పదండి పదండి," అన్నారాయన ఎట్టకేలకు.

సరిగ్గా అప్పుడే ఆయన భార్య దమయంతి గారు వంటగదిలోంచి పులిహోర గిన్నె పట్టుకుని వచ్చారు. తెర వైపు చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"అయ్యో, ఇదేంటండీ, ఇక్కడ కూడా పెట్టారా? ఆ రోజు నేను వద్దు వద్దంటున్నా వినకుండా, కారాపి మరీ తీశారుగా!"