పాత కంప్యూటర్ చేసిన మేలు

శ్రీపతి రైస్ మిల్లులో కలర్ సార్టర్‌కు పిచ్చి పట్టింది.

బియ్యంలో నల్ల గింజను కెమెరాతో చూసి, గాలి ఊది పక్కకు తోసేయడం దాని పని. దసరా మర్నాటి నుంచి అది తెల్ల గింజల్ని కూడా తోసేస్తోంది. మంచి బియ్యం సంచులకు సంచులు చెత్తలో కలుస్తోంది. మిర్యాలగూడలో ఇంకే మిల్లుకూ లేని తెగులు తన మిల్లుకే ఎందుకొచ్చిందని శ్రీపతి బాగా ఆలోచించి, ఒక నిర్ణయానికి వచ్చాడు. ఆపరేటర్ సుధాకర్ మిషనును కెలికాడు.

"నేనేం కెలకలె సేటు," అన్నాడు సుధాకర్. "రోజు నడుపుత, పనైనంక తలుపు తీసి తుడుస్త. గంతే."

"ఆ తుడుసుడే వద్దంటున్న. తాళంచెవి ఇటియ్యి."

దసరా మర్నాటి నుంచే సార్టర్ తాళంచెవి శ్రీపతి జేబులో ఉంది. లోపల ఎవరి చెయ్యీ పడలేదు. అయినా తెగులు తగ్గలేదు. తగ్గకపోవడం కూడా సుధాకర్ తప్పే అయింది. "ఇయ్యాల బాగుగాకపోతే రేపటిసంది నువ్వు రాకు" అని పొద్దున్నే చెప్పేశాడు శ్రీపతి.

సుధాకర్‌ది నేరేడుచర్ల. కూతుర్ని ఈ ఏడే సూర్యాపేటలో నర్సింగులో చేర్పించాడు. మిషను పాడుచేసినవాడన్న పేరు పడితే చుట్టుపక్కల ఏ మిల్లు గేటూ తెరుచుకోదని అతనికి తెలుసు. పొద్దుటి నుంచి టీ కూడా తాగలేదు.

మిషను అమ్మిన డీలరు మాత్రం ఫోన్లోనే రోగం కనిపెట్టాడు. ఫర్మ్‌వేర్ పాతదైపోయిందట. అంటే మిషను బుర్రలో ఉండే ప్రోగ్రాం. కొత్తది ఎక్కిస్తే సరిపోతుందట. ఆ పని మీద కోదాడ నుంచి నరేష్ వచ్చాడు.

నరేష్ కరెంటు ఆపించి, సార్టర్ తలుపు తీయించాడు. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని డీలరుతో మాట్లాడుతూనే, గుడ్డతో లోపలంతా ఒక తుడుపు తుడిచి, కేబులు తగిలించి తలుపు మూశాడు. తర్వాత తన కొత్త ల్యాప్‌టాప్ తెరిచాడు.

ఫర్మ్‌వేర్‌ను ఎక్కించే ప్రోగ్రాంను కొత్త ల్యాప్‌టాప్ గుమ్మంలోకి కూడా రానివ్వలేదు. అది విండోస్ కన్నా ముందటి డాస్ కాలం నాటిది. నరేష్ తగ్గలేదు. ల్యాప్‌టాప్ లోపలే ఒక ఉత్తుత్తి పాత కంప్యూటర్ తయారు చేశాడు. దాన్ని వర్చువల్ మెషీన్ అంటారట. ప్రోగ్రాం అందులో చక్కగా నడిచింది. కాకపోతే కంప్యూటరే ఉత్తుత్తిది కాబట్టి, అసలు కేబులు దానికి కనబడలేదు.

"నిజం పాత కంప్యూటర్ కావాలండి," అన్నాడు నరేష్ చెమట తుడుచుకుంటూ. "ఇప్పుడు ఎక్కడా దొరకవండి. కొత్త సార్టరే కొనుక్కోవాల్సొచ్చుద్దేమో."

శ్రీపతి సుధాకర్ వైపు చూశాడు. సుధాకర్ నేల వైపు చూశాడు.

టీ తెచ్చిన శ్రీపతి భార్య రాజేశ్వరి గ్లాసులు కింద పెట్టింది. "మన ఆఫీసు గదిల ఉన్నది గదా," అంది.

మిల్లు పెట్టిన కొత్తలో కొన్న కంప్యూటర్ అది. పాత సామాన్ల వాడికి వేసేద్దామని శ్రీపతి ఎన్నోసార్లు అన్నాడు. మొదటి లక్ష్మి, గడప దాటనియ్యనని రాజేశ్వరి అడ్డుపడుతూ వచ్చింది. దుప్పటి తీసి చూస్తే పెట్టెకు పసుపు, తెర నడుమ కుంకుమ బొట్టు. తుడుద్దామని నరేష్ జేబులోంచి గుడ్డ తీశాడు.

"బొట్టు తుడవకు బిడ్డా."

"అక్షరాలు కనపడవండి."

"జర అటు ఇటు తుడువు. దసరాకు పెట్టింది. మనిషికైనా మిషనుకైనా బొట్టు ముఖం సూసే పెట్టాలె."

కోదాడ వాడికి ఆమెతో వాదించే ధైర్యం లేకపోయింది. బొట్టు వదిలేసి చుట్టూ తుడిచాడు. పెట్టెను సార్టర్ పక్కకు మోయించి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన డాస్‌తో దాన్ని లేపాడు. అది దగ్గి, మూలిగి, లేచింది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు బొట్టుకు అటూ ఇటూ నడిచాయి. కేబులు కనబడింది. ప్రోగ్రాం ఎక్కడం మొదలైంది.

"ఇప్పుడు గనక కరెంటు పోతే మీ సార్టర్ ఇనప బీరువా అవుద్దండి," అన్నాడు నరేష్.

ఆ మాటకు సుధాకర్ పరుగెత్తుకెళ్లి జనరేటర్ పక్కన నిలబడ్డాడు. రాజేశ్వరి కళ్లు మూసుకుని మొక్కుకుంది. సుధాకర్ మంచివాడు, పొట్ట కొట్టకు స్వామీ అని ఆమె మొక్కు. కరెంటు పోలేదు.

మిషను ఆన్ చేశారు. బియ్యం తెల్లగా, ధారగా దిగింది. చెత్త సంచిలో నల్ల గింజలు తప్ప ఏమీ లేవు. శ్రీపతి దోసిట్లోకి తీసుకుని వెలుతురులో చూసి, చాలా రోజుల తర్వాత నవ్వాడు.

"ప్రోగ్రామే పాతదంట సుధాకర్. నీ తప్పేం లేదు తియ్యి. తాళంచెవి మాత్రం నా దగ్గర్నే ఉంటది. ఇప్పుడు కొత్త ప్రోగ్రాం ఎక్కింది. మల్ల ఖరాబైతే ఇగ నీ తప్పే."

"ఇగ గాదు సేటు," అన్నాడు సుధాకర్. అతనికి ఏడుపు ఆగలేదు. రాజేశ్వరికి చేతులు జోడించాడు. "మీ పూజలే నన్ను కాపాడినయమ్మా."

రాజేశ్వరి కళ్లు కూడా తడిశాయి. ఇంట్లోకి వెళ్లి కుంకుమ భరిణె తెచ్చింది.

భర్త దగ్గర తాళంచెవి తీసుకుని, సార్టర్ తలుపు తెరిచి, దసరా నాడు పెట్టిన చోటే, మిషను బియ్యాన్ని చూసే కెమెరా అద్దానికి నట్టనడుమ, ఈసారి ఇంకాస్త పెద్ద బొట్టు పెట్టింది.