మూడు అగరుబత్తీలు

ఈసారీ మూడు అగరుబత్తీలు సగంలోనే ఆరిపోయాయి.

ఇది అపశకునమే అనుకున్నాడు కేదార్. పీహెచ్‌డీ చేసిన మనిషే గానీ, శకునాల దగ్గర వాళ్ల అమ్మమ్మకేమీ తీసిపోడు.

పంజాగుట్టలోని అతని లాబ్‌లో ఎక్స్‌రే సెన్సర్లు తయారవుతాయి. గోరంత చిప్ మీద లోహపు పొర వేసి, కరెంటు ఏ అడ్డూ లేకుండా పారేంతగా చల్లబరుస్తారు. ఒక్క ఎక్స్‌రే కణం తగిలినా ఆ పొర పసిగట్టేస్తుంది. కాస్త జిడ్డు అంటిందా, చచ్చి ఊరుకుంటుంది.

పది చిప్పుల్లో నాలుగే బతుకుతున్నాయి. శుక్రవారానికి ఎనిమిదైనా చూపించకపోతే ఈ సెన్సర్లు కొనే టెలిస్కోప్ వాళ్ల ఆర్డర్ పోతుంది, లాబ్‌కి తాళం పడుతుంది.

అందుకే చిప్పులు తయారయ్యే, దుమ్ము చొరని గదిలోకి గాలి తోసే మిషన్ మీద వినాయకుణ్ణి పెట్టి, రోజూ మూడు అగరుబత్తీలు వెలిగిస్తున్నాడు. రోజు విడిచి రోజు అవి ఆరిపోతున్నాయి.

ఇక లాభం లేదని ఓ ఉదయం తలుపు చాటున మాటేశాడు.

ఊడ్చే బుచ్చమ్మ వచ్చింది. అటూ ఇటూ చూసింది. తడివేళ్లతో మూడింటినీ నలిపేసింది.

"ఏంటి నువ్వు చేసే పని!"

"సార్, జర నా మాట ఇనుండ్రి. గీ పొగ..."

"నీకు పడకపోతే ముక్కు మూసుకో! దేవుడి ముందు వెలిగించింది ఆర్పేస్తావా? రేపట్నుంచి రావద్దు."

"రాను తియ్యి సార్. గని గా మిషన్ జాలీ ఒక్కపారి చూస్కోండ్రి."

చీపురు మూలన పెట్టి వెళ్లిపోయింది. కేదార్ గాలి వడకట్టే ఆ జాలీ చూడలేదు. పీడ వదిలిందనుకుని మూడు అగరుబత్తీలను తొమ్మిది చేశాడు. తొమ్మిదీ చివరిదాకా దివ్యంగా వెలిగాయి.

శుక్రవారం పదికి పది చిప్పులూ చచ్చాయి.

మూడు నెలల తర్వాత, లాబ్ మూసేసిన కేదార్ ఉద్యోగం కోసం అమీర్‌పేటలో మెట్రో ఎక్కి బేగంపేటలో దిగాడు. అక్కడి కొత్త లాబ్‌లో పదికి తొమ్మిది బతుకుతున్నాయట.

"అంతా మా క్లీన్‌రూమ్ ఇన్‌చార్జి గారి చలవ," అంది మేనేజర్ రాగసుధ. "ఇదివరకు పనిచేసిన చోట గాలి మిషన్ పక్కనే రోజూ పొగ పెట్టేవారట. పొగలోని జిడ్డు చిప్పులకి పట్టేస్తోందని ఆవిడకి అనుమానం. ఒకరోజు ఆర్పేసి, ఒకరోజు వదిలేసి, చచ్చాయని పారేసిన చిప్పులు విడివిడిగా లెక్కపెట్టారట. ఆర్పిన రోజు చేసినవే బతికాయట!"

తనలాగే పొగ పెట్టినవాడు ఇంకొకడున్నాడనుకున్నాడు కేదార్. అంత సుళువైన ప్రయోగం తనకెందుకు తట్టలేదా అని సిగ్గేసింది.

"ఆవిడ ఏ ఐఐటీ, మేడమ్?"

"మీరే అడగండి. మిమ్మల్ని తీసుకోవాలో వద్దో చెప్పాల్సింది కూడా ఆవిడే."

అద్దాల తలుపు తెరుచుకుంది. తల నుంచి కాలి దాకా తెల్ల సూటు తొడుక్కున్న ఇన్‌చార్జి మాస్కు కిందికి లాగింది. "ఫికర్ చెయ్యకుండ్రి సార్, కూసోండ్రి," అంది బుచ్చమ్మ.