సున్నా వచ్చేదాకా

"మళ్లీ తప్పే సార్!" అన్నాడు నాగేందర్, పొంగుకొచ్చే నవ్వును పెదవుల వెనకే ఆపుకుంటూ.

చిక్కడపల్లిలోని ఆ ఇంటి వరండాలో సూర్యప్రకాశరావు గారు నోట్‌బుక్ మీదికి ఒంగి కూర్చున్నారు. 3x − 5y + 7కి సంకలన విలోమం రాయమంటే −3x − 5y + 7 అని రాశారు. మొదటి గుర్తొక్కటి మార్చి చేతులు దులుపుకున్నారు! నారాయణగూడలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషికి ఇది రాదంటే ఎవరు నమ్ముతారు?

హాస్టల్లో సాగర్ ముందే చెప్పాడు. "లెక్కల ట్యూషన్ కావాలంటే డెమో ఆ సారుకే చెప్పాలంట. కావాలనే తప్పులు చేస్తడు. నీ ఓపిక చూస్తడన్నట్టు. ఇద్దరు ఆల్రెడీ వాపస్ వచ్చిన్రు. జర పైలం రా!"

పైలమే మరి, జాగ్రత్తగా ఉండాల్సిందే. ఈ ట్యూషన్ దొరికితేనే అశోక్‌నగర్‌లో ఉండి గ్రూప్-టూ రాయడం. లేదంటే నెలాఖరుకు పెట్టె సర్దుకుని ఊరి బస్సెక్కడమే. అయినా నాగేందర్‌కు బెరుకు లేదు. ఇలాంటి నాటకాలకు పడిపోయే రకమా తను?

"రెండూ కూడుదాం సార్. మూడు ఎక్స్ పోయింది, మంచిదే. మైనస్ అయిదు వై, ఇంకో మైనస్ అయిదు వై?"

"మైనస్ పది వై," అన్నారాయన నెమ్మదిగా.

"ఏడు, ఏడు పద్నాలుగు. సున్నా రాలే కద సార్! మరి ఏం మార్చాలె?"

ఆయన ఒక్కో గుర్తు కిందా పెన్ను ఆనించుకుంటూ వెళ్లారు. మళ్లీ మొదటి గుర్తు దగ్గరికే వచ్చి దాన్నే దిద్దారు. వహ్వా, ఏం యాక్టింగ్ అనుకున్నాడు నాగేందర్. తొందరపెట్టలేదు. విసుక్కోలేదు. మూడోసారి కూడా మొదటిసారి చెప్పినంత హుషారుగా చెప్పాడు.

చివరికి −3x + 5y − 7 కాగితం మీదికొచ్చింది. కూడి చూశారు. సున్నా! ఆయన మొహం వెలిగిపోయింది.

"శభాష్ సార్!" అనేసి, పెద్దాయన్ని అలా అన్నానేంటని నాలిక్కరుచుకున్నాడు నాగేందర్.

ఆయన భార్య యశోదమ్మ చాయ్ తెచ్చి పెట్టింది. "రేపట్నుంచి రోజూ రా బిడ్డా. నువ్వే చెప్పాలె."

గెలిచేశాననుకున్నాడు నాగేందర్. ఒంట్లో ఏనుగు బలం వచ్చింది.

"తప్పకుండ వస్తనమ్మా. ఇంతకీ పిల్లలు ఏ క్లాసు?"

యశోదమ్మ భర్త భుజం మీద చెయ్యి వేసింది.

"పిల్లలెవరు లేరు బిడ్డా, నిరుడు పక్షవాతమొచ్చినంక లెక్కలు మరిచిపోయింది సారే."