బండికో గీత

"మా అన్న ఊరికి రోడ్డొస్తే నీకెందుకయ్యా అంత ఏడుపు?" అంది కృష్ణకుమారి, అన్నం వడ్డిస్తూ.

"నాకేం ఏడుపే? ఆకలిగా లేదు, అంతే!" అంటూ ఎర్రబోడు సర్పంచి వీరాంజనేయులు కంచం అవతలికి నెట్టేశాడు.

ఆకలి లేకపోవడమా పాడా! కడుపు నిండా మంటే. ఆమె అన్న బ్రహ్మయ్య పక్కూరు సోమయ్యపాడుకి సర్పంచి. పోయినేడు ఆ ఊరికి నీళ్ళ ట్యాంకు వచ్చింది. ఆ వెనకే బస్సు షెల్టరు వచ్చింది. మొన్న మాఘమాసంలో కూతురు దీపికను అచ్చంపేటలో ముప్పై ఎకరాల ఆసామి ఇంటికి ఇచ్చాడు. ఇప్పుడు రోడ్డు కూడా అతనికేనా?

రెండు ఊళ్ళ నుంచీ నరసరావుపేట మెయిన్ రోడ్డుకు చెరో దారి ఉంది. రెండూ గుంతలమయమే. వానాకాలంలో ఎర్రబోడుకు 108 రానంటుంది. నొప్పులొచ్చిన పిల్లను మంచం మీద మోసుకుపోవాల్సిందే. ఈ ఏడాది నిధులు మాత్రం ఒక్క దారికే ఉన్నాయి. ఏ దారికన్నది తేల్చడానికి సోమవారం నుంచి మూడు రోజులు రెండు దార్ల మీదా బండ్లు లెక్కపెడతామని మండలాఫీసులో చెప్పారు.

"మూడు రోజులే! మీ అన్న నామీద ఎట్టా గెలుస్తాడో నేనూ చూస్తా" అన్నాడు వీరాంజనేయులు.

"ఆ లెక్క ఎందుకో, ఏందో, ఇంజనీరు గారిని ఒక్క మాట అడిగిరారాదా?"

"ఎవడైనా బండ్లెక్కువ పోయే దారికే రోడ్డేస్తాడు. ఇందులో అడిగేదేముందే పిచ్చిదానా!"

ఆదివారం పొద్దున్నే సొంత ట్రాక్టరుతో గ్రావెల్ తోలించి, మూడు కిలోమీటర్ల దారిలో గుంతలన్నీ పూడ్పించాడు. బండ్లు జోరుగా తిరగాలి మరి! సోమవారం తెల్లారేసరికి ఊళ్ళో ట్రాక్టర్లు, ఆటోలు, మోటారు సైకిళ్ళు అన్నింటికీ డీజిలు, పెట్రోలు కొట్టించి రోడ్డెక్కించాడు. మెయిన్ రోడ్డు దాకా పోవడం, తిప్పుకుని రావడం, మళ్ళీ పోవడం. వేపచెట్టు కింద కుర్చీ వేసుక్కూర్చున్న లెక్కలతను బండికో గీత గీస్తున్నాడు. అదే ఆటో పదోసారి వస్తోందన్న సంగతి అతనికి పట్టలేదు.

ఇక సోమయ్యపాడు దారి సంగతా? అక్కడ కుక్క కూడా తిరగడం లేదని కబురొచ్చింది. వీరాంజనేయులు పట్టలేని సంబరంతో బ్రహ్మయ్యకు ఫోను కొట్టాడు.

"ఏంది బావా, మీ ఊరోళ్ళంతా కట్టగట్టుకుని తీర్థయాత్రలకి పోయారా?"

"ఏం చేద్దాం బావా! ఆ గుంతలకి జడిసి ఎవరూ బండి తీయట్లా. నీ దారి కళకళలాడిపోతందంటగా! నీది పెట్టి పుట్టిన జాతకం."

పదేళ్ళుగా బ్రహ్మయ్య నోట ఆ మాట వినాలని వీరాంజనేయులు ఎంత ఏడ్చాడో ఆ భగవంతుడికే తెలుసు. ఆ రాత్రి రెండు సార్లు మారు వడ్డించుకుని తిన్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం, ఊళ్ళో బండ్లు కాస్త డస్సిపోయిన వేళ, మెయిన్ రోడ్డు మీదనుంచి ట్రాక్టర్లు దిగాయి. ఒకటా, రెండా? వరసగా ఇరవై! దుమ్ముకి డ్రైవర్లు మొహాలకు తువ్వాళ్ళు చుట్టుకుని ఉన్నారు.

"ఎక్కడినుంచయ్యా?" అని ముందరి బండిని ఆపాడు వీరాంజనేయులు.

"అచ్చంపేట నుంచండీ. ఈ దారైతే ఒళ్ళు హూనం కాదని మా ఆసామి పంపాడండి."

ఊరుగాని ఊరి బండ్లు కూడా తన దారినే వెతుక్కుంటూ వస్తుంటే ఆయనకు నెత్తిన పాలు పోసినట్టయింది. ఇరవై మందికీ దగ్గరుండి మిరపకాయ బజ్జీలు పెట్టించి, టీలు పోయించాడు. వాళ్ళు చీకటిపడే దాకా ఆ దారినే అటూ ఇటూ తిరిగారు. ఎందుకు తిరుగుతున్నారని ఆయన అడగలేదు. అచ్చొచ్చిన బండ్లను అడగడం దేనికి?

శుక్రవారం మండలాఫీసులో ఇంజనీరు రవిచంద్ర కాగితం తీశాడు. ఎర్రబోడు దారి మీద పదకొండు వందల ఎనభై బండ్లు. సోమయ్యపాడు దారి మీద పదిహేడు. వీరాంజనేయులు మీసం మీద చెయ్యేసి, పక్క కుర్చీలో ఉన్న బ్రహ్మయ్య వంక చూశాడు.

"కాబట్టి రోడ్డు సోమయ్యపాడుకి మంజూరైంది" అన్నాడు రవిచంద్ర.

వీరాంజనేయులు ఎగిరి లేచాడు. "ఇదేం అన్యాయమండీ! మాకు పదకొండు వందలు, వాళ్ళకి పదిహేడూ!"

"అందుకేనండీ. ఇవి బండి నడవలేని దార్ల కోసం వచ్చిన నిధులు. ఏ దారిలో జనం బండ్లు తీయడం మానేశారో తెలుసుకోవడానికే లెక్కపెట్టాం. మీ దారి భేషుగ్గా ఉంది, ఇంకో ఐదేళ్ళు ముట్టుకోనక్కర్లేదని రాసి పంపాం."

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ?"

"మీరు అడగలేదండీ. బ్రహ్మయ్య గారు లెక్క సంగతి చెప్పిన రోజే వచ్చి అడిగి తెలుసుకున్నారు."

వీరాంజనేయులు బయటికి నడిచాడు. ఊళ్ళోవాళ్ళకు ఏం చెప్పాలి? వానలకు ఆ గ్రావెల్ కొట్టుకుపోయాక ఈ ఏడు కూడా మంచాలు మోయాల్సిందేనని చెప్పాలా? మెట్లు దిగుతుంటే వెనకనుంచి బ్రహ్మయ్య వచ్చి, ఎంతో ఆప్యాయంగా భుజమ్మీద చెయ్యేశాడు.

"శంకుస్థాపనకి మొదటి కొబ్బరికాయ నువ్వే కొట్టాలి బావా. మా వియ్యంకుడి ట్రాక్టరోళ్ళకి ఎండలో నిలబడి బజ్జీలు పెట్టినోడివి, నువ్వు కాక ఇంకెవరు కొడతారు?"