వంగని మనిషి

"క్యూ వెనకుంది పెద్దమనిషీ!"

రక్తపరీక్షల గది ముందు ఆవిడ గొంతు ఖంగుమంది. బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి మరి. దొంగ ప్రయాణికుణ్ణి నడక చూసే పట్టేసేది.

"నిజమేనమ్మా. కానీ నేను ఎక్కువసేపు నిలబడలేను" అన్నాడాయన నవ్వుతూ.

"నిక్షేపంలా ఉన్నారుగా! మేమంతా పరగడుపున నిలబడలేదూ?"

ఆ విసురుకి ఆవిడ కళ్లజోడు జారి సరిగ్గా ఆయన కాళ్ల దగ్గర పడింది.

ఆయన వంగలేదు. గడకర్రలా నిటారుగా నిలబడి, "ఏమనుకోకండమ్మా" అనేసి లోపలికి వెళ్లిపోయాడు.

'ఒళ్లంతా పొగరే' అనుకుంటూ ఆవిడే తీసుకుంది.

ఆవిడకి ఎముక మజ్జలో క్యాన్సర్. ఎక్స్‌రేలో ఎముకలు బాగానే కనిపించాయి.

"కానీ ఎముక కరుగుతోందని మీ రక్తం ముందే చెబుతోంది" అన్నాడు డాక్టరు. "ఇప్పుడే మందు మొదలుపెడితే విరగకుండా కాపాడుకోవచ్చు. మందు పనిచేసేదాకా బరువులెత్తకండి."

ఆవిడ ఎత్తాలనుకునే బరువు ఒక్కటే. బొద్దుగా ఉండే మనవరాలు.

"మందు పనిచేస్తుంది, చూస్తూ ఉండు. దాన్ని ఎత్తుకుని తీరతాను" అంది కూతురితో. అన్నట్టే ఒక్క పూట కూడా మందు తప్పలేదు.

ఆర్నెల్లకి డాక్టరు రిపోర్టు చూసి నవ్వాడు.

"కరగడం బాగా తగ్గింది. ఎముకల్లో ఎక్కడా దెబ్బ లేదు. ఇక ఎత్తుకోండి, కూర్చునే సుమండీ!"

బయటికి రాగానే ఆవిడ బెంచీ మీద కూర్చుని చేతులు చాచింది. కూతురు పిల్లని అందించింది.

"అమ్మో, బియ్యం బస్తాలా ఉందే!"

పిల్ల కళ్లజోడు లాగి కింద పడేసింది. అటుగా వెళ్తున్న నర్సు వంగి తీసిచ్చింది.

అప్పుడు గుర్తొచ్చాడాయన.

"ఏమ్మాయ్, మీ పొగరాయన కనబడడేం? క్యూలో చొరబడేవాడూ..."

నర్సు ముఖం చిన్నబోయింది.

"పోయిన నెల చనిపోయారమ్మా. మీకున్న జబ్బే. వెన్నుపూసలు విరిగిపోయాయి. చొక్కా కింద గట్టి పట్టీ ఉండేది. పాపం, వంగలేకపోయేవారు."

ఆవిడ పిల్లని దగ్గరికి హత్తుకుంది.

"మరి నాకు చెప్పినట్టు, రక్తం చూసి ఆయనకీ ముందే చెప్పలేదా?"

"ఆయన ఎముకలు విరిగేనాటికి ఆ పరీక్షే లేదమ్మా. అది తయారవడానికి ఏళ్ల తరబడి పరగడుపున వచ్చి రక్తమిచ్చిన మొదటి మనిషి ఆయనే."