సినిమాలో లేని మాట

"ఆపు ముందు! దేవుడి మందిరంలో ఈ తుపాకుల మోతేంటి?"

చర్చి పెద్ద నన్యోంజో గుమ్మంలో నిలబడి అరిచేసరికి పిల్లలకి బైబిలు క్లాసు చెప్పే లుబ్వామా చేతిలో రిమోటు జారినంత పనైంది. తెర మీద గూండా నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు. బెంచీల మీద ఒకళ్ల ఒళ్లో ఒకళ్లు అన్నట్టు కూర్చున్న పిల్లలు నవ్వబోయి, ఆవిడ మొహం చూసి నవ్వు మింగేశారు.

"పాఠమేనమ్మగారూ. తప్పిపోయిన కుమారుణ్ని తండ్రి క్షమించిన కథ. సినిమాతో చెప్తే పిల్లలకి బాగా ఎక్కుతుందని..."

"ఎక్కేది సినిమా, బైబిలు కాదు. పోయినవారం బార్లో వేసే పాట పెట్టి ప్రేమ గురించి చెప్పావట?"

"దేవుడి ప్రేమ గురించేనండీ."

"ఆ పాటకి మన కొయిర్‌లో పాడే పిల్లలు నడుం తిప్పారట. అదీ దేవుడి కోసమేనా?"

ఈసారి పిల్లలు ఆగలేకపోయారు. లుబ్వామా చెవులు వేడెక్కాయి.

నన్యోంజో ఒక బెంచీ లాక్కుని కూర్చుంది. "కానియ్, చూపించు. ఈ క్లాసు ఉండాలో పోవాలో చూశాక చెప్తాను."

ఆవిడ వద్దంటే పాస్టరు గారు ఔననరు. ఉగాండాలోని ఆ మిత్యానా ఊళ్లో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. సినిమాలు మొదలుపెట్టకముందు ఈ క్లాసుకి నలుగురైదుగురు వచ్చి ఆవలించి పోయేవాళ్లు. ఇప్పుడు కిటికీల్లో కూడా తలకాయలే. లుబ్వామా తన బతుకులో ఒక్క పనైనా సరిగ్గా చేశాననుకున్నాడంటే, అది ఇదే.

బొమ్మ మళ్లీ కదిలింది. అది హాంకాంగ్ సినిమా. దాని మీద తమ లుగాండా భాషలో మాటలు చెప్పినవాడు కంపాలా వీజే కిబుయాగ. వాడు మైకు పట్టాడంటే హీరో వాడే, విలన్ వాడే, హీరో తల్లీ వాడే. మధ్యమధ్య కథ చెప్పేదీ, జోకులేసేదీ కూడా వాడే. ఆ గొంతు లేకపోతే ఆ ఊళ్లో పరాయిదేశపు సినిమా చూసే నాథుడు ఉండడు.

గూండా జైలు నుంచి వచ్చి తల్లి ఇంటి ముందు నిలబడ్డాడు. తల్లి తలుపు సగం తెరిచింది. కిబుయాగ గొంతు సన్నం చేశాడు.

"వచ్చావా నాయనా. నీ వల్ల ఈ ఇల్లు తలెత్తుకోలేకపోయింది. అయినా నీ పళ్లెం తీసెయ్యలేదు. కాళ్లు కడుక్కునిరా, అరటికాయ మతోకె చల్లారిపోతోంది."

గూండా మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. తల్లి తలుపు మూసింది. "చలిగాలికి మూసిందిలే, వీడు వంటింటి వైపు నుంచి లోపలికి పోతాడు" అన్నాడు కిబుయాగ.

ముందు బెంచీలో ఎవరో ముక్కు చీదారు. నన్యోంజో కన్నార్పకుండా తెరకేసి చూస్తోంది. ఆవిడ మనసు కరిగిందనుకున్నాడు లుబ్వామా. బొమ్మ ఆపి గొంతు సవరించుకున్నాడు.

"చూశారుగా! దేవుడు కూడా ఈ తల్లిలాగే..."

"తప్పు సార్."

లేచి నిలబడింది ప్రాసి. కంపాలాలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, సెలవులకి వచ్చింది.

"ఆవిడ ఆ మాట అనదు సార్. ఈ సినిమా నేను కింద ఇంగ్లీషు అక్షరాలతో చూశాను. 'నాకు కొడుకు లేడు, పో' అని మొహం మీద తలుపేస్తుంది. సినిమా అయిపోయేదాకా మళ్లీ కనపడదు."

"మరి వంటింటి తలుపో?" అన్నాడు వెనకనుంచి ఒకడు.

"మూడో అంతస్తుకి వంటింటి తలుపెక్కడిదిరా?"

"అయినా చైనా ఇంట్లో మన మతోకె ఏంటే!" అని ఇంకొకడు అందుకున్నాడు. అంతే, హాలు హాలంతా గొల్లుమంది.

లుబ్వామాకి తల కొట్టేసినట్టయింది. మతోకె కిబుయాగ చేర్చిందేనని తనకీ తెలుసు. కానీ తల్లి క్షమించడం కూడా వాడు చేర్చిందేనని కలలోనైనా అనుకోలేదు. మొన్న ఆదివారం ఆరాధనలో ఈ తల్లి గురించే చెప్పాడు. ముసలమ్మలు కళ్లొత్తుకున్నారు. పాస్టరు గారు భుజం తట్టారు. ఇప్పుడు వాళ్లందరికీ మొహం ఎలా చూపించాలి?

"మళ్లీ వెయ్యి" అంది నన్యోంజో.

"అమ్మగారూ..."

"ఆ తల్లి మాట ఒక్కటీ మళ్లీ వెయ్యి."

వేశాడు. ఆవిడ కళ్లు మూసుకుని విన్నది.

"మాట్లాడిందెవరు?"

"వీజే కిబుయాగ అంటారండీ. అసలు పేరు ఎవరికీ తెలియదు." "నాదే తప్పు అమ్మగారూ. ఎవడో వీడియో హాల్లో కూర్చుని కల్పించిన మాటని తెచ్చి దేవుడి వాక్యం పక్కన పెట్టాను. పిల్లల ముందు నిలబడాలంటే సిగ్గుగా ఉంది. క్లాసు మూసేయండి."

నన్యోంజో లేవబోయింది. మళ్లీ కూర్చుండిపోయింది. ఊరందరి తలలూ వంచిన మనిషి, పిల్లలందరూ చూస్తుండగా తల వంచుకుంది.

"సిగ్గుపడాల్సింది నువ్వు కాదు నాయనా" అంది. "మీ కిబుయాగ జైలు నుంచి ఇంటికొచ్చిన రోజు వాడి కన్నతల్లి కూడా ఆ మాట అనలేదు. తలుపేసుకుని లోపలే కూర్చున్నాను."